38వ పేజీలో దాచమన్న మాట

స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరుతో పాటు ఆట పేరు, సంస్థ పేరు కూడా బయటపెట్టవద్దని కోరారు. ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. బడి మైదానంలో మొదలైన ఆట ఆమెను రాష్ట్ర జట్టు దాకా తీసుకెళ్లింది. మోకాలికి దెబ్బ తగిలి ఆట ఆగిపోయాక క్రీడా నిర్వహణ చదివారు. ఇప్పుడు అదే ఆటను ప్రపంచమంతటా నడిపించే అంతర్జాతీయ సమాఖ్యలో, వ్యూహ రచన, సమాచార విభాగంలో పనిచేస్తున్నారు. భర్త ఉద్యోగమూ అక్కడే. ఐదేళ్ల బాబు ఉన్నాడు.

సమాఖ్య ఎనిమిదేళ్ల ప్రణాళిక సిద్ధం చేసింది. కొన్ని నెలల్లో జరిగే మహాసభలో సభ్య దేశాలు దానిపై ఓటు వేయాలి. తుది పాఠం రాసే బాధ్యత ఈమెకు అప్పగించారు. బడుల్లో ఆట, బాలికల శిక్షణ, కోచ్‌ల చదువు, రిఫరీల భద్రత వంటి అందరూ మెచ్చే అంశాలు అందులో చాలా ఉన్నాయి. వాటన్నిటికీ డబ్బు మాత్రం ఒకే చోటు నుంచి రావాలి. ఇప్పుడు ప్రతి సభ్య సంఘానికీ ఏటా సమానంగా 10 వేల స్విస్ ఫ్రాంకులు అందుతున్నాయి. ప్రణాళిక ఆమోదం పొందితే 2028 నుంచి ఆ గ్రాంటు ఆగిపోతుంది. ఆ మొత్తాన్ని ఒక నిధిలో వేసి, దరఖాస్తు చేసి, పని చూపించి, లెక్కలు అప్పగించిన సంఘాలకే ఇస్తారు.

48 పేజీల పత్రంలో ఈ సంగతి 38వ పేజీలో ఒక్క వాక్యంగా మాత్రమే ఉండాలని సెక్రటరీ జనరల్ చెప్పారు. మహాసభలో చూపించే స్లైడ్లలో గానీ, పత్రికా ప్రకటనలో గానీ దాని ఊసు ఉండకూడదు. "ముందు ఓటు పడనివ్వండి, తర్వాత వివరిద్దాం" అన్నారట. ముందే చెబితే చిన్న దేశాలు జట్టు కడతాయని, అప్పుడు బాలికల కార్యక్రమంతో సహా అంతా ఓడిపోతుందని, పైగా వచ్చే ఏడాది అధ్యక్ష ఎన్నిక ఉందని ఆయన వాదన.

ఇంతలో ఊరి నుంచి మాస్టారి ఫోను. చిన్నప్పుడు ఆమెకు ఆట నేర్పిన ఆయన ఇప్పుడు రాష్ట్ర సంఘంలో ఉన్నారు. మహాసభకు వెళ్లే జాతీయ ప్రతినిధులు ఆయనకు దగ్గరివాళ్లు. "ఏమ్మా, ఈసారి మహాసభలో ఏం పెడుతున్నారు? మనవాళ్లకు ముందే ఒక మాట చెప్పు" అన్నారు. ఆమె మాట మార్చారు. ఆయనకు అర్థమైంది. "మన అమ్మాయివి అక్కడ ఉండి ఏం లాభం తల్లీ?" అని ఫోను పెట్టేశారు. ఆ మాట ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

ఆమె అడిగినవి ఇవి: "ఆ వాక్యం చెప్పినట్టే రాయాలా? రాయనంటే ఏమవుతుంది? మాస్టారికి చెప్పకపోవడం ద్రోహమా, చెప్పడం ద్రోహమా? ప్రణాళిక మంచిదేనని నేను నమ్ముతున్నాను. అందుకే ఇంకా బాధగా ఉంది."

*

మీరు ఆ ప్రణాళికను నమ్ముతున్నారు. సమస్యలో సగం బరువు దానిదే. చెడ్డ ప్రణాళికైతే కాదనడం తేలిక. మంచిదనుకున్న పనిని చాటుగా నెట్టుకురమ్మన్నప్పుడే మనిషి నలిగిపోతాడు. అందుకని ముందు ఆ నమ్మకం దగ్గరే కాసేపు ఆగుదాం.

మీ ఉత్తరంతో పాటు పంపిన ముసాయిదా వాక్యాన్ని పాఠకుల కోసం ఇక్కడ పెడుతున్నాను: "సభ్య సంఘాల సామర్థ్య వికాసాన్ని వేగవంతం చేసే దిశగా, ప్రస్తుత సహాయ విధానాన్ని ఫలితాధారిత భాగస్వామ్య నమూనాలోకి దశలవారీగా పరివర్తన చేయడం జరుగుతుంది." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇది చదివి తన సంఘానికి 10 వేల ఫ్రాంకులు ఆగిపోతాయని గ్రహించగల కోశాధికారి ఏ దేశంలోనూ ఉండడు. మహాసభకు వచ్చేవాళ్లలో చాలామంది ఈ పత్రాన్ని తమ రెండో భాషలోనో మూడో భాషలోనో చదువుతారు. వాళ్లకు ఇది గోడే.

ఇదే సంగతిని మాస్టారికి చెబుతున్నట్టు రాసి చూడండి. "ప్రతి సభ్య సంఘానికీ ఏటా ఇస్తున్న 10 వేల ఫ్రాంకుల గ్రాంటును 2027 డిసెంబరుతో ఆపేస్తాం. 2028 నుంచి ఆ డబ్బును దరఖాస్తు చేసుకున్న సంఘాలకు, పనిని చూసి ఇస్తాం. ఎలా దరఖాస్తు చేయాలో, ఎవరు నిర్ణయిస్తారో, కాదంటే ఎవరికి చెప్పుకోవాలో తర్వాతి పేజీలో ఉంది."

రాశాక మీకే ఒకటి తడుతుంది. ఆ తర్వాతి పేజీ ఎక్కడ ఉంది? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ నిధిని ఎవరు పంచుతారో లేదు. మీరు మరిచిపోయి రాయకపోవడం వల్ల కాదు, ఆ సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు కాబట్టే లేదని నా అనుమానం. ముసుగు వేసిన వాక్యం ప్రతినిధుల కళ్లనే కాదు, రాసినవాళ్ల కళ్లను కూడా కప్పేస్తుంది. స్పష్టంగా రాయక తప్పదన్నప్పుడే ప్రణాళికలో పూర్తికాని పని బయటపడుతుంది. వ్యూహం తయారు చేయడం ఒక పని, దాన్ని చెప్పడం దాని తర్వాత వచ్చే మరో పని అని మీ కార్యాలయంలో అనుకుంటున్నారు. నా దృష్టిలో అవి రెండు పనులు కావు. నష్టపోయేవాడి ముందు కూర్చుని "నీకు ఇది పోతుంది, బదులుగా ఇది వస్తుంది" అని చెప్పగలిగేదాకా ఆ వ్యూహం పూర్తయినట్టు కాదు.

ఎవరు పంచుతారన్న ప్రశ్న చిన్నది కాదు. అందరికీ సమానంగా ఇచ్చే గ్రాంటులో లోపాలు ఉన్నాయి. పిల్లలకు ఒక్క పోటీ కూడా పెట్టని సంఘానికీ అదే డబ్బు, ఊరూరా ఆట నేర్పే సంఘానికీ అదే డబ్బు. దాన్ని మార్చాలన్న మీ కోరిక న్యాయమైనదే. కానీ ఆ గ్రాంటుకు ఒక గుణం ఉంది. దాన్ని ఎవరూ ఎవరికీ బహుమతిగా ఇవ్వలేరు, శిక్షగా ఆపలేరు. దరఖాస్తు చూసి ఇచ్చే నిధి అలా కాదు. పంచే కమిటీని అధ్యక్షుడే నియమిస్తే, ఎన్నికల ముందు ఏడాది ఆ నిధి ఓట్ల సంచి అవుతుంది. సభ్య దేశాలు భయపడేది 10 వేల ఫ్రాంకుల కోసమే కాదు, రేపు ఎవరి ముందు చేతులు కట్టుకోవలసి వస్తుందోనని కూడా. స్వతంత్ర కమిటీ, ముందే ప్రకటించిన మార్కుల పద్ధతి, ఎవరికి ఎంత ఇచ్చారో ఏటా ప్రచురించడం, కాదన్నప్పుడు అప్పీలు చేసుకునే దారి. ఈ నాలుగూ లేకపోతే, మీరు నమ్ముతున్న ప్రణాళిక మీరు నమ్మినట్టు పనిచేయదు.

ఇంకొకటి. సభ్య సంఘాలను అడిగామని మీ సమాఖ్య చెప్పుకొంటోంది. మీరు రాసినదాన్ని బట్టి, ఆ సర్వేలో అడిగింది "బడుల్లో ఆటకు ప్రాధాన్యం ఇవ్వాలా?" అని. కాదనేవారెవరు? "అందుకోసం మీ గ్రాంటు వదులుకుంటారా?" అని ఒక్కరినీ అడగలేదు. జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరూ లేని చిన్న ద్వీప దేశ సంఘంలో, పగలు బడిలో పాఠం చెప్పి రాత్రి సంఘం పని చూసుకునే కార్యదర్శి ఇంగ్లీషులో ఇరవై పేజీల దరఖాస్తు నింపగలరా? నింపలేరు. కన్సల్టెంటును పెట్టుకోగల సంపన్న దేశం నింపుతుంది. పని చేసేవాళ్లకు డబ్బు వెళ్లాలని మీరు అనుకుంటే, అది దరఖాస్తు బాగా రాసేవాళ్లకు వెళ్లే ప్రమాదం ఉంది. ఆ కార్యదర్శిని ముందే అడిగి ఉంటే ఈ సంగతి ఆయనే చెప్పేవాడు.

మీ సెక్రటరీ జనరల్ దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. ఒలింపిక్స్ ప్రసార ఆదాయంలో వచ్చే వాటా మీద ఆధారపడి బతికే సమాఖ్యలు ఎన్నో ఉన్నాయి. 2016 రియో క్రీడల తర్వాత వేసవి క్రీడల సమాఖ్యలన్నిటికీ కలిపి పంచింది సుమారు 54 కోట్ల డాలర్లు. సమాఖ్యలను ఐదు వర్గాలుగా విడదీసి దాన్ని పంచారు. కింది వర్గాల్లో ఉన్న ఆటకు దక్కేది నాలుగేళ్లపాటు జాగ్రత్తగా ఖర్చు పెట్టుకోవలసిన సొమ్ము. కొత్త పని మొదలుపెట్టాలంటే పాత ఖర్చు ఒకటి ఆపక తప్పదు. ఆయన భయం నిజమైనదే. ఆయన ఎంచుకున్న మార్గం ఆ భయాన్ని తగ్గించదని మాత్రం ఆయనకు చూపించాలి. దానికి మూడు ఆటల అనుభవం పనికొస్తుంది. మీకు ఇవి తెలిసే ఉంటాయి. అయినా ఆయన ముందు పెట్టడానికి వీలుగా వరుసగా చెబుతాను.

ముందు మోడర్న్ పెంటాథ్లాన్ సంగతి. గుర్రపు స్వారీతో సహా ఐదు క్రీడాంశాలు కలిసిన ఒలింపిక్ ఆట అది. 2021 ఆగస్టులో టోక్యోలో జర్మన్ క్రీడాకారిణి అనికా ష్లాయ్‌కు లాటరీలో వచ్చిన గుర్రం దూకనని మొరాయించింది. గెలుపు ముంగిట ఉన్న ఆమె ఏడుస్తూ కొరడా ఝళిపించడం, కోచ్ గుర్రాన్ని పిడికిలితో కొట్టడం ప్రపంచమంతా చూసింది. ఏదో ఒక మార్పు తప్పదని అందరికీ తెలుసు. నవంబరులో సమాఖ్య కార్యవర్గం గుర్రపు స్వారీని తొలగించాలని నిర్ణయించింది. కానీ ఆ కబురు ఆటగాళ్లకు ముందు పత్రికల ద్వారానే తెలిసింది. ఏళ్ల తరబడి స్వారీ నేర్చుకున్నవాళ్లు తమను ఒక్క మాట అడగలేదని మండిపడ్డారు. వందలాది మంది సంతకాలు పెట్టి నాయకత్వం దిగిపోవాలన్నారు. ఆ డిసెంబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల తొలి జాబితాలో ఆ ఆటకు చోటివ్వలేదు. స్వారీ స్థానంలో అడ్డంకుల పరుగు వచ్చింది, 2023 అక్టోబరులో ముంబయి సమావేశంలో ఆట తిరిగి జాబితాలోకి చేరింది. అంటే నిర్ణయం చివరికి నిలబడింది. కానీ ఆ రెండేళ్లలో ఆటగాళ్లకూ పాలకులకూ మధ్య జరిగిన పోరు అవసరమా? మార్పు సరైనదా కాదా అన్న చర్చ పక్కకు పోయి, మమ్మల్ని ఎందుకు అడగలేదన్నదే చర్చ అయింది. మీ 38వ పేజీకి కూడా అదే జరుగుతుంది.

కుస్తీది ఇంకో తీరు. 2013 ఫిబ్రవరి 12న ఒలింపిక్ కమిటీ కార్యవర్గం 2020 క్రీడల ప్రధాన జాబితా నుంచి కుస్తీని తొలగించాలని సిఫార్సు చేసింది. ప్రాచీన ఒలింపిక్స్ నాటి ఆట! సమాఖ్య అధ్యక్షుడు రఫాయెల్ మార్టినెట్టి పదవి వదిలారు. నెనాద్ లాలోవిచ్ వచ్చారు. ఆయన నాయకత్వం మమ్మల్ని అన్యాయంగా తీసేశారని ఏడుస్తూ కూర్చోలేదు. మా దగ్గర లోపాలున్నాయని బయటికే ఒప్పుకుంది. చూసేవాడికి అర్థం కాని పాయింట్ల పద్ధతిని మార్చింది. విడివిడిగా గెలవాల్సిన మూడు రౌండ్లు పోయి, మూడేసి నిమిషాల రెండు భాగాలు, మొత్తం పాయింట్ల లెక్క వచ్చాయి. మహిళలకు పాలనలో చోటు, మ్యాట్ మీద మరిన్ని బరువు విభాగాలు ఇచ్చింది. ఆ సెప్టెంబరులోనే బ్యూనస్ ఎయిరిస్‌లో 95 ఓట్లలో 49 గెలుచుకుని కుస్తీ తిరిగి వచ్చింది. మహిళల విభాగాలు నాలుగు నుంచి ఆరు కావాలంటే పురుషుల విభాగాలు కొన్ని వదులుకోవలసి వచ్చింది. పోయేదేమిటో, వచ్చేదేమిటో అందరికీ కనిపించేలా చేశారు. 2016 రియోలో సాక్షి మలిక్ కాంస్యం గెలిచిన 58 కిలోల విభాగం 2012 లండన్‌లో లేనేలేదు. పాలకుల కాగితం మీద మారిన ఒక గీత రోహ్‌తక్ అమ్మాయి మెడలో పతకం అయిందంటే ఇలాగే.

"చెబితే ఓడిపోతాం" అన్న మీ సెక్రటరీ జనరల్ భయానికి జవాబు మన తెలుగువాళ్లకు బాగా దగ్గరైన బ్యాడ్మింటన్‌లో ఉంది. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు గేమ్ 15 పాయింట్లది. 2006లో 21 పాయింట్ల పద్ధతి వచ్చింది. సింధు, సైనా, శ్రీకాంత్ అందరూ ఆడింది అదే. దాన్ని మార్చి 11 పాయింట్ల చొప్పున ఐదు గేమ్‌లు పెట్టాలని ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్యలో ప్రతిపాదన వచ్చింది. 2018లో బ్యాంకాక్ వార్షిక సమావేశంలో 129 ఓట్లు అనుకూలం, 123 వ్యతిరేకం. మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి ఓడింది. 2021లో మళ్లీ పెడితే 66.31 శాతం వచ్చింది. వెంట్రుకవాసిలో మళ్లీ ఓటమి. అయినా ఆట కూలిపోలేదు, సమాఖ్య చీలిపోలేదు.  అదే సమాఖ్య 2011లో మహిళల ఆటకు ఆకర్షణ పెంచుతామంటూ పెద్ద పోటీల్లో స్కర్టు తప్పనిసరి చేసింది. ఆటగాళ్ల నుంచి, దేశాల నుంచి పెద్దయెత్తున అభ్యంతరాలు వచ్చాయి. ముందు వాయిదా వేసి, 2012లో ఆ నిబంధన వదులుకుంది. బహిరంగంగా ఓడిన ప్రతిపాదన మళ్లీ తలెత్తి నిలబడగలదు. ఆడేవాళ్ల మనసు తెలుసుకోకుండా పైనుంచి దించిన నిబంధనకు ఆ గౌరవం దక్కదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

చెప్పినట్టే రాయడం ఒకటి. దీన్ని నేను తీసిపారేయను. మీ ఇల్లు, బాబు బడి, భర్త ఉద్యోగం అన్నీ అక్కడే ఉన్నాయి. ఓటు బహుశా పడుతుంది. 2028 జనవరిలో రావలసిన డబ్బు రానప్పుడు ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు సమాధానం చెప్పవలసింది సమాచార విభాగంలో ఉన్న మీరే. ఇంకో చిక్కు కూడా ఉంది. మీ సమాఖ్య స్విస్ చట్టం కింద ఏర్పడిన సంఘమైతే, సభకు సరిగా తెలియజేయని అంశంపై నిర్ణయం తీసుకోవడం సంఘ నియమావళి స్పష్టంగా అనుమతిస్తేనే చెల్లుతుందని ఆ దేశపు పౌర స్మృతి చెబుతోంది. చట్టానికో నియమావళికో విరుద్ధమైన తీర్మానాన్ని, దానికి సమ్మతించని సభ్యుడు తెలిసిన నెల రోజుల్లో సవాలు చేయవచ్చు. 48 పేజీల పత్రంలో ఒక్క వాక్యం సరైన తెలియజేత అవుతుందా కాదా అన్నది లాయర్లు వాదించుకునే విషయం. ఆ వాదనకు చోటివ్వడమే నష్టం. ఈ ముక్క మీ సెక్రటరీ జనరల్‌కు నీతి కన్నా తొందరగా అర్థమవుతుంది.

రెండోది, నాకు ఎక్కువ నచ్చినది, ప్రధాన పత్రాన్ని అలాగే ఉంచి, దానికి రెండు పేజీల అనుబంధం జోడించమని కోరడం. పేరు మామూలుగా పెట్టండి: "మీ సంఘానికి ఏమి మారుతుంది". అందులో ఇప్పుడు వచ్చేది ఎంత, ఎప్పుడు ఆగుతుంది, బదులుగా ఏమి అడగవచ్చు, ఎవరు నిర్ణయిస్తారు అన్నవి ఉండాలి. దాంతో పాటు మెత్తదనం కోసం కొన్ని మార్పులు సూచించండి. 10 వేలలో కొంత భాగాన్ని కనీస గ్రాంటుగా అందరికీ ఉంచడం, మొదటి రెండేళ్లు చిన్న సంఘాలకు దరఖాస్తు నింపడంలో కార్యాలయమే సాయం చేయడం, దరఖాస్తును నాలుగు పేజీలకు మించనివ్వకపోవడం. ఇవి ఖర్చుతో కూడినవే. కానీ వ్యతిరేకంగా పడే ఓట్లను తగ్గించేవి కూడా. ఆయన ఒప్పుకోకపోవచ్చు, విసుక్కోవచ్చు, సగం ఒప్పుకోవచ్చు. వేసవి ఒలింపిక్ సమాఖ్యల కూటమి చేసే పాలనా సమీక్షలో పారదర్శకతకు మార్కులు ఉంటాయని, వ్యూహ లక్ష్యాలను ప్రచురించారా లేదా అన్నది అందులో చూస్తారని ఆయనకు గుర్తుచేయండి. మీరు అడుగుతున్నది ఆయనకు అడ్డం పడడానికి కాదు, ఆయన సంతకం పెట్టే పత్రాన్ని కాపాడడానికి అని ఆయనకు అనిపించాలి. నిజానికి అది అంతే కదా.

మూడోది, గ్రాంటు మార్పును విడి తీర్మానంగా పెట్టమనడం. 2014 డిసెంబరులో మొనాకోలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తన సంస్కరణల ప్రణాళిక ఒలింపిక్ అజెండా 2020ని ఆమోదించినప్పుడు 40 సిఫార్సులనూ ఒక్కొక్కటిగా ఓటుకు పెట్టారు, అన్నీ ఏకగ్రీవంగా నెగ్గాయి. అయితే అంతకు ముందు ఏడాదంతా పని జరిగింది. బయటి నుంచి 40 వేలకు పైగా సూచనలు తీసుకున్నారు, 14 కార్యబృందాలు కూర్చున్నాయి. ఆ కసరత్తు లేకుండా విడి ఓటు పెడితే ప్రణాళిక నెగ్గి గ్రాంటు మార్పు ఓడే అవకాశం ఎక్కువ. అప్పుడు మీ చేతిలో బాలికల కార్యక్రమం ఉంటుంది, దానికి డబ్బు ఉండదు. ఈ దారి నిజాయితీ గలదే గానీ ఇప్పుడున్న సమయంలో ప్రమాదకరమైనది. దీనికన్నా ఇష్టపడి ముందుకొచ్చిన పది పదిహేను దేశాలతో ఒక ఏడాది ప్రయోగం చేసి, ఆ అనుభవంతో తర్వాతి మహాసభకు వెళ్లడం మేలు. కాకపోతే మధ్యలో ఎన్నిక ఉంది. కొత్త అధ్యక్షుడు వస్తే అంతా చెత్తబుట్టలో పడవచ్చు. ఆ సంగతి తెలిసే మీ సెక్రటరీ జనరల్ తొందరపడుతున్నారని నాకు అనిపిస్తోంది.

ఇవన్నీ కాదంటే, ఆ ఒక్క వాక్యం నేను రాయలేనని చెప్పడం ఉంది. పత్రం మిగతాదంతా రాసి, "ఈ పేరా మాత్రం మీరు ఇవ్వండి, అలాగే పెడతాను" అనవచ్చు. చాలా కార్యాలయాల్లో ఇది ఉద్యోగం పోయేంత నేరం కాదు, మీ మీద నమ్మకం కొంత తగ్గుతుంది. ప్రతినిధులకు జరిగే అన్యాయం మాత్రం ఇందువల్ల ఆగదు. మీ చేయి మాత్రం అందులో ఉండదు.

అథ్లెట్ల కమిషన్‌ను, అంటే సమాఖ్యలో ఆటగాళ్ల తరఫున మాట్లాడే బృందాన్ని, మరిచిపోకండి. బ్యాడ్మింటన్‌లో సింధు 2021లో అలాంటి కమిషన్‌కు ఎన్నికయ్యారు. మీ సమాఖ్యలోనూ ఉంటే, ముసాయిదా చూసే హక్కు దానికి ఉందేమో నియమావళిలో చూడండి. హక్కు ఉంటే, పత్రాన్ని వాళ్లకు పంపారా అని మీ పై అధికారిని అడగడం మీ పనిలో భాగమే. హక్కు లేకపోతే మీ అంతట మీరు పంపకండి.

ఇక మాస్టారు.

ఆయనకు చెప్పకండి. ఈ ఒక్కచోట నేను దారులు చూపించను. మొదటి కారణం చట్టం. ఉద్యోగంలో తెలిసిన రహస్యాలను కాపాడే బాధ్యతను స్విస్ చట్టం ఉద్యోగి మీద పెట్టింది. అది మీకు ఇబ్బంది కాగలదు. రెండో కారణం నాకు ఇంకా పెద్దది. మీరు మన దేశ ప్రతినిధులకు ముందే చెబితే, కార్యాలయంలో తమ ఊరి అమ్మాయి లేని దేశాలకు అన్యాయం చేసినవారవుతారు. దాపరికం తప్పని మీరు బాధపడుతున్నారు. మనవాళ్లకు మాత్రమే విప్పి చెప్పడం ఆ దాపరికానికి రెండో ముఖం. నాలుగు మాటలు సూచనగా చెప్పినా చెప్పినట్టే, "ఆర్థిక భాగం జాగ్రత్తగా చదవండి" అన్నా సరే.

కానీ మాట మార్చి తప్పించుకోవడం ఆయనకు తగదు. ఆయన మీకు గురువు. మీరే ఫోను చేసి తిన్నగా చెప్పండి: "మాస్టారూ, మహాసభ పత్రాలు అన్ని దేశాలకూ వెళ్లేదాకా నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదు. చెప్పను. పత్రాలు వచ్చాక మీరు ఏ ప్రశ్న అడిగినా, ఎంతసేపైనా కూర్చుని విడమరిచి చెబుతాను. మీకే కాదు, ఏ దేశం అడిగినా అలాగే చెబుతాను." ఆయనకు మొదట కోపం రావచ్చు. రిఫరీ ఎవరి ఊరివాడైనా ఆట ఒకేలా ఆడించాలని మీకు నేర్పింది ఆయనే అయి ఉంటుంది. మీరు అక్కడ ఉండడం వల్ల లాభం ఏమిటంటే, మాస్టారు చదివి అర్థం చేసుకోగల పత్రం ఆయన చేతికి రావడం. అది మీరు సాధించగలిగితే ఆయన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. సాధించలేకపోయినా, అందుకోసం ప్రయత్నించారని ఒకరోజు ఆయనకు చెప్పుకోగలరు.

పని వరుస గురించి ఒక మాట. మహాసభ పత్రాలు సభ్య దేశాలకు ఏ తేదీలోపు పంపాలో మీ నియమావళిలో ఉంటుంది. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. అనుబంధం అచ్చుకు సిద్ధంగా రాసుకున్నాకే సెక్రటరీ జనరల్ దగ్గర సమయం అడగండి. ఖాళీ చేతులతో వెళ్లి "ఇది తప్పు" అంటే వాదన అవుతుంది, కాగితం పెట్టి "ఇలా చేయవచ్చా" అంటే పని అవుతుంది. సమావేశం ముగిశాక మీరు ఏం సూచించారో, ఆయన ఏమన్నారో రెండు మూడు వాక్యాల్లో ఆయనకే మర్యాదగా ఈమెయిల్ పంపండి. కాదన్నా ఆ నోట్ ఉండాలి. రేపు ఎవరైనా సవాలు చేస్తే అది మీకు రక్ష.

ఆ సమావేశానికి ముందే, ఉద్యోగ చట్టం తెలిసిన స్థానిక న్యాయవాదితో ఒకసారి మాట్లాడండి. మీ నివాస అనుమతి ఈ ఉద్యోగంతో ముడిపడి ఉందా, భర్త అనుమతి మీద మీరు ఉండగలరా, మీ ఒప్పందంలో నోటీసు కాలం ఎంత అన్నవి అడగండి. ఇప్పుడు మీరు భయపడుతున్నది ఎంతవరకు నిజమో తెలియని ప్రమాదానికి. దాని కొలత తెలిస్తే, పై దారుల్లో ఏది మీ స్తోమతకు తగిందో మీరే తేల్చుకోగలరు. మీకు ఏ సమాధానం వచ్చిందో వీలైతే రాయండి. అనుబంధం ముసాయిదా పంపితే, ఆట గురించి ఏమీ తెలియని మనిషిగా చదివి, ఎక్కడ అర్థం కాలేదో గుర్తుపెట్టి పంపిస్తాను.